కరెంటు కుక్కర్, అవ్వ కన్ను

కుక్కర్ మూత తీసేసరికి బియ్యం నీళ్ళ అడుగున అలాగే పడి ఉన్నాయి. స్విచ్ వేసి గంటన్నర అయింది. వేలు ముంచి చూశాను. స్నానానికి సరిపోయేంత వెచ్చగా ఉన్నాయి నీళ్ళు. కుక్కర్ ముందున్న ఎర్ర లైటు మాత్రం తన పని తాను చేసేస్తున్నట్టు వెలుగుతోంది.

"అయిందా పాపా?" వసారాలోంచి అవ్వ అడిగింది.

"ఐదు నిమిషాలు" అన్నాను. ఆ పొద్దున నేను చెప్పిన మూడో ఐదు నిమిషాలు అది.

అవ్వ నాకు చుట్టం కాదు. నేను అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు. పుట్టి పెరిగిందంతా హైదరాబాదే అయిన నాకు, ఉరవకొండ దగ్గర ఒక ఊరి సచివాలయంలో ఉద్యోగం వచ్చింది. ఆ ఊళ్ళో ఒంటరి ఆడపిల్లకు గది ఇస్తానన్నది అవ్వ ఒక్కతే. ఇచ్చేటప్పుడే చెప్పింది: "కోపం నాకూ ఉండాది, నీకూ ఉండాది. ఎవురి కోపం వాళ్ళ గదిలో పెట్టుకుందాం." ఎనిమిది నెలలు అలాగే నడిచింది. నా గదిలో నా కుక్కర్, ఆమె వంటింట్లో ఆమె కట్టెల పొయ్యి.

వేసవి మొదట్లో అవ్వ కుడి కంటికి అనంతపురంలో శుక్లాల ఆపరేషన్ అయింది. ఎడమ కన్ను ఎప్పుడో చిన్నప్పుడే పోయింది. అంటే ఉన్నది ఈ ఒక్కటే. డాక్టరు గట్టిగా చెప్పాడు. నలభై రోజులు వంగకూడదు, పొయ్యి దగ్గరికి పోకూడదు, పొగ అసలే తగలకూడదు. చీము పడితే ఇక చేసేదేమీ ఉండదన్నాడు. సోమందేపల్లె దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసే అవ్వ కూతురు వచ్చి నాలుగు రోజులుండి, సెలవు అయిపోయి వెళ్ళిపోతూ నా చేతులు పట్టుకుంది. "అమ్మను పొయ్యి కాడికి పోనియ్యొద్దు చెల్లీ, నీకు పుణ్యముంటాది." నేను పెద్ద మనిషిలా మాట ఇచ్చేశాను. నా కుక్కర్ ఉందిగా, ఇద్దరికీ అందులోనే వండేస్తానని.

గ్యాస్ లేదా అంటే, ఉండేది. అవ్వ సిలిండరూ స్టవ్వూ కూడా కూతురికే ఇచ్చేసింది. "బాంబు నెత్తిన పెట్టుకొని నిద్ర యాడ పడతాది" అంటుంది.

మొదటి వారం బాగానే జరిగింది. అన్నం, పప్పు, చివరికి ఫోన్లో చూసి రాగి సంగటి కూడా కుక్కర్లోనే చేశాను. అవ్వ ఒక ముద్ద తిని, "సంగటి మాదిరే ఉండాది" అంది. ఆమె నోట అది పెద్ద మెచ్చుకోలు. వంటతో పాటు బోకులు తోమే పని కూడా నా మీదే పడింది. పెరట్లో గోడ పక్కన ఒక నల్ల బండ ఉంది. అవ్వ ఎన్నేళ్ళుగానో గిన్నెలు తోమేది దాని మీదే. అక్కడ ఎప్పుడూ బురద, దోమలు. నాకు ఒళ్ళు మండింది. వంటింట్లోనే ఒక ప్లాస్టిక్ తొట్టి పెట్టి, కిటికీలోంచి పైపు వేసి, ఆ నీళ్ళు వాకిట్లో ఉన్న కరివేపాకు చెట్టుకు పోయేలా చేశాను. చుక్క వృథా కాదు. ఫోటో తీసి స్టేటస్ కూడా పెట్టుకున్నాను. నలభై మంది మెచ్చుకున్నారు.

ఆ తరువాత కొద్ది రోజులకే, ఈ ఉడకని అన్నం.

ముందు కుక్కర్‌నే అనుమానించాను. ప్లగ్గు మార్చాను. సాకెట్ మార్చాను. వైరు మార్చాను. ఫోన్లో ఎవరో చెప్పినట్టు అడుగున ఉన్న మూడు మరలు విప్పి, లోపల ఫ్యూజు చూసి, మళ్ళీ బిగిస్తే రెండు మరలే పట్టాయి. మూడోది ఎక్కడికి పోయిందో ఇప్పటికీ తెలియదు. పైగా, గిన్నె అంచు ముట్టుకున్నప్పుడల్లా వేళ్ళు చురుక్కుమంటున్నాయి. అన్నం ఉడికించడం చేతకాదు గానీ నన్ను కరవడం మాత్రం వచ్చు దీనికి అని తిట్టుకున్నాను.

కంపెనీ నంబరుకు ఫోన్ చేశాను. ఇరవై నిమిషాలు పాట వినిపించారు. తరువాత ఒకమ్మాయి, "మేడమ్, ఒకసారి ప్లగ్ తీసి మళ్ళీ పెట్టి చూస్తారా?" అంది. నేనేమన్నానో ఇక్కడ రాయను. అవ్వ మాత్రం వసారాలోంచి, "ఎవురినే అట్ల తిడతాండావు? వాళ్ళకూ అమ్మ ఉంటాది" అంది.

మర్నాడు సెలవు పెట్టి, కుక్కర్‌ను గోనెసంచిలో వేసుకొని బస్సెక్కి ఉరవకొండ వెళ్ళాను. రిపేరు షాపులో పెద్దాయన దాన్ని ప్లగ్గులో పెట్టి, చెంబు నీళ్ళు పోసి, టీ తాగడానికి వెళ్ళాడు. ఆయన తిరిగొచ్చేసరికి నీళ్ళు కుతకుత ఉడుకుతున్నాయి.

"కుక్కరు రాయి మాదిరి ఉండాదమ్మా. నీ ఇంట్లో కరెంటు చూపిచ్చుకో."

"కరెంటు బాగానే ఉందండీ. ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, ఫోన్ చార్జింగ్ అవుతోంది."

"ఫోనుకు ఎంత కావల్ల? చీమ తిన్నంత. ఇది ఏనుగు మాదిరి తింటాది" అని కుక్కర్ మూత మీద కొట్టి చూపించాడు. "వైరింగు చూపిచ్చుకో, ఊరికే నన్ను గుడ్లురిమి చూడాకు."

అక్కడే ఒక మీటరు కొనుక్కున్నాను, కరెంటు ఎన్ని వోల్టులు ఉందో చూపించేది. ఇంటికొచ్చి సాకెట్లో దాని పుల్లలు పెట్టాను. రెండు వందల ఇరవై ఆరు. నిక్షేపంగా ఉంది. కుక్కర్ పెట్టాను. ఉడకలేదు. మీటరును గోడకేసి కొట్టబోయి, అది కొత్తదని గుర్తొచ్చి మంచం మీద విసిరాను.

ఊళ్ళో ఎవరిని అడిగినా ఒకటే జవాబు. పగలు పొలాలకు మోటారు కరెంటు ఇచ్చే టైములో బోరు మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి, అందుకే ఇళ్ళల్లో వోల్టేజీ పడిపోతుంది. సరే, మోటార్లు ఆగేదాకా చూశాను. సాయంత్రం ఊరంతా నిశ్శబ్దమైపోయాక పెట్టాను. అయినా నీళ్ళు గోరువెచ్చనే. మీటరు ఫోటో హైదరాబాద్ స్నేహితుల గ్రూపులో పెట్టి ఏం చెయ్యాలని అడిగితే ఒకడు, "బయట నుంచి ఆర్డర్ పెట్టుకోవే" అన్నాడు. మా ఊరికి పాలవాడు తప్ప ఇంకే డెలివరీ రాదని వాడికి ఎలా చెప్పను? గ్రూపులోంచి బయటికి వచ్చేశాను.

రెండు రోజులు పక్కింటి వాళ్ళు సంగటీ, నంచుకోవడానికి ఊరుబిండి పచ్చడీ పంపించారు. మూడో రోజు అవ్వ గిన్నె మూత కూడా తియ్యకుండా తిప్పి పంపేసింది.

"దినామూ ఒకరి ఇంటి కూడు తినేదానికి నాకేమి కాళ్ళూ చేతులూ పడిపోయినాయా?"

"కన్ను పోతుంది అవ్వా!"

"కన్ను పోతాదో కడుపు పోతాదో, ఏదో ఒకటి చెప్పు నువ్వు. నీ కరెంటు గిన్నెను నమ్ముకుంటే రెండూ పోతాయి."

నేను అగ్గిపెట్టె తీసి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకొని ఆఫీసుకు వెళ్ళాను. ఆ వేళ బుధవారం. శుక్రవారం అనంతపురంలో డాక్టరు కన్ను చూడాల్సి ఉంది. మధ్యాహ్నం ఇంటికొస్తుంటే వీధి మలుపు నుంచే పొగ కనబడింది. మా పెరటి మీదుగా లేస్తోంది.

పరుగెత్తాను. అవ్వ నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని పొయ్యి ముందు కూర్చొని ఉంది. కందికట్టె చిటచిటమంటూ కాలుతోంది. అద్దాల కింద నుంచి నీళ్ళు కారి, బుగ్గ మీద మసిలో గీత పడింది. చెంబెడు నీళ్ళు పొయ్యిలో కొట్టాను. పొగ ఇంకా ఎక్కువైంది. అవ్వను చెయ్యి పట్టి లేపి వసారాలోకి లాక్కొచ్చి, అద్దాలు తీసి చూస్తే కన్ను చింతనిప్పులా ఉంది.

"అగ్గిపెట్టె ఎవరిచ్చారు?"

"ఊళ్ళో అగ్గిపెట్టెకు కరువా?"

"నీకు బుద్ధి ఉందా అసలు? ఒక్క కన్ను! ఒక్కటే ఉంది నీకు! అది పోతే మీ కూతురు నన్ను అడుగుతుంది, నన్ను!"

"కేకలేయాకు. నువ్వు వండలేవు, నన్ను వండనియ్యవు. నా బండ కాడికి పోనియ్యవు. ఆ బండ కాడికి పోక నా మోకాళ్ళు కొయ్యబారినాయి, అది అడిగినావా ఒక్క దినమన్నా?"

ఈ బండ సంగతి ఆమె వారం నుంచి చెబుతూనే ఉంది. బండ దగ్గర తడిలో ఉత్తకాళ్ళతో నిలబడితే పాదాల నుంచి జుమ్మని పైకి పాకుతుందట, మోకాళ్ళ నొప్పి లాగేసినట్టు పోతుందట. పక్కింటి ముసలామె కూడా అప్పుడప్పుడూ వచ్చి నిలబడి వెళ్ళేదట. నేను చెవిన పెట్టలేదు. అప్పుడు కూడా పెట్టలేదు. కంట్లో చుక్కల మందు వేసి, కదిలితే ఊరుకోనని చెప్పి, నా గదిలోకి వెళ్ళి తలుపు ధడేలుమని వేసుకున్నాను.

కడుపులో ఆకలి, కోపం. ఫోన్ తీశాను. ఏడుపు రాకుండా ఉండాలంటే నాకు తెలిసిన పని అదొక్కటే. వీడియోల మీద వీడియోలు తోస్తూ పోతే, ఎక్కడో ఒక ముసలి ఎలక్ట్రీషియన్, గోడకు ఆనుకొని తీరిగ్గా చెబుతున్నాడు. ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు కొలిస్తే ఏం తెలుస్తుంది? వస్తువు పని చేస్తుండగా కొలవాలి. అప్పుడు పడిపోతే, కరెంటు వచ్చే దారి బాగున్నా తిరిగి వెళ్ళే దారి బాగాలేదని అర్థం.

లేచి కుక్కర్ వేసి, పక్క సాకెట్లో మీటరు పెట్టాను. రెండు వందల ఇరవై ఆరు కాస్తా అరవై ఒకటి. ఫ్యాను కూడా నీరసంగా తిరగసాగింది. కుక్కర్ ఆపాను. మళ్ళీ రెండు వందల ఇరవై ఆరు. నాలుగు రోజులుగా నాతో అబద్ధం ఆడింది కుక్కర్ కాదు, ఖాళీ సాకెట్.

తిరిగి వెళ్ళే దారి. బయటికొచ్చి స్తంభం వైపు చూశాను. స్తంభం నుంచి మా ఇంటికి రెండు వైర్లు రావాలి. ఒకటే వస్తోంది. ఫోన్ కెమెరాలో దగ్గరికి తెచ్చి చూస్తే, రెండోది తెగి స్తంభం దగ్గరే చుట్ట చుట్టుకొని వేలాడుతోంది. మరి ఇన్నాళ్ళూ ఫ్యాను ఎలా తిరిగింది? మీటరు పెట్టె నుంచి చూసుకుంటూ వచ్చాను. అందులోంచి ఒక వైరు గోడ వెంబడి పెరట్లోకి దిగి, భూమిలోకి పోయింది. అది ఎర్త్ వైరు. షాక్ కొట్టకుండా రక్షణకు పాతిపెట్టేది. ఎవరో మహానుభావుడు తెగిన వైరు బదులు దాన్ని వాడేశాడు. ఇంట్లో కరెంటంతా తిరిగి వెళ్ళడం ఈ మట్టిలోంచే.

ఆ వైరు దిగింది సరిగ్గా అవ్వ బండ పక్కన.

బండ చుట్టూ మట్టి పెంకులు పెంకులుగా పగిలి ఉంది. ఏళ్ళ తరబడి రోజుకు రెండు పూటలా గిన్నెల నీళ్ళతో తడిసిన చోటు. దాన్ని ఎండబెట్టింది నేను. పైపు వేసి, స్టేటస్ పెట్టుకొని మరీ. తడి ఉన్నప్పుడు కరెంటు భూమిలోకి పోయేది, కుక్కర్ ఉడికేది. అవ్వ పాదాల్లో జుమ్మని పాకిన మందు అదే.

ఆ క్షణంలో భయం వేసిందని రాస్తే గొప్పగా ఉంటుంది. నిజం చెప్పాలంటే నాకు మొదట వచ్చిన ఆలోచన, అన్నం ఉడుకుతుంది అని. అవ్వ పొద్దున్నుంచి ఏమీ తినలేదు. వంటింట్లోంచి బిందె ఎత్తుకొచ్చి ఆ వైరు మొదట్లో కుమ్మరించాను. మట్టి బుడబుడమని తాగేసింది. రెండో బిందె తెచ్చేటప్పటికి అవ్వ వసారాలో లేచి నిలబడింది.

"తాగే నీళ్ళు మన్నులో పోస్తాండావా! కొళాయి వచ్చి మూడు దినాలాయె, నీ పాసుగూల, తలకాయ తిరిగిందా నీకు?"

"గమ్మునుండు అవ్వా!" అన్నాను. ఆమె యాసే ఆమెకు అప్పజెప్పాను.

కుక్కర్ వేసి మీటరు చూశాను. నూట డెబ్భై. పది నిమిషాల్లో మూత టకటకమని ఎగరడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు వింటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వీడియో తీస్తున్నాను. ఎవరికి పంపాలని తీస్తున్నానో నాకే తెలియదు. అప్పుడు కిటికీలోంచి అవ్వ కనబడింది. చీర కుచ్చిళ్ళు పైకెత్తి దోపుకొని, ఉత్తకాళ్ళతో, తడిసిన బండ వైపు నడుస్తోంది.

"ఎట్లాగూ పోసినావు కదా, రవ్వంత సేపు నిలబడతా" అంటోంది.

నేను అరిచిన అరుపుకు వీధిలో కుక్కలు మొరిగాయి. ఫోన్ ఎక్కడ పడేశానో తెలియదు. మీటరు పెట్టె దగ్గరికి దూకి మెయిన్ లాగేశాను. ఫ్యాను ఆగింది. కుక్కర్ మూత రెండుసార్లు కొట్టుకొని అదీ ఆగింది. పెరట్లోకి పోయేసరికి అవ్వ బండకు రెండడుగుల ఇవతల, గుండె మీద చెయ్యి పెట్టుకొని నిలబడి ఉంది.

"సచ్చిపోతాను గదే అట్ల అరిస్తే!"

"అరవకపోతే చచ్చిపోయేదానివి! అందులో కరెంటుంది!"

"నిరుడు గాలివాన కాడ్నుంచీ నిలబడతాండా, సచ్చినానా?"

నిరుడు గాలివాన. వైరు తెగింది అప్పుడన్నమాట. ఫోన్ వెతికి తీసి, అవ్వకు కరెంటు పని చేసే ఊరి వైర్‌మన్‌కు చేశాను. ఎండ తగ్గాక వచ్చాడు, బండి మీద, నింపాదిగా. స్తంభం చూశాడు, వైరు చూశాడు, తల గోక్కున్నాడు.

"ఇది నేను కట్టిందే మ్యాడం. నిరుడు గాలికి న్యూట్రల్, అదే ఆ రెండో వైరు, తెగిపాయ. అవ్వ చీకట్లో ఉండాదని అప్పటికి దీనికి కట్టినా. ఈడ ఎప్పుడూ నీళ్ళు పోస్తాంటారు గదా, బాగా పట్టుకుంటాది. మల్ల వచ్చి సరిజేస్తామనుకున్నా. ఫ్యాను తిరుగుతాండాదని అవ్వ పిలవకపాయ."

"ఏడాది! ఏడాది పాటు ఆమె కరెంటులో నిలబడింది అన్నా! గిన్నె ముట్టుకుంటే నాకు షాక్ కొడుతోంది!"

"అట్ల కేకలేయొద్దు మ్యాడం, నాకు బీపీ ఉండాది."

"వాణ్ణేమీ అనాకు" అంది అవ్వ వసారాలోంచి. "ఆ దినం ఊరంతా చీకటైతే నా ఇంట్లో దీపం ఎలిగిచ్చినాడు."

లైన్‌మన్‌కు ఫోన్ చేసి లైను ఆపించి, తెగిన వైరు తీసి కొత్తది కట్టించేసరికి చీకటి పడింది. ఎర్త్ వైరును కరెంటు దారిలోంచి విడదీసి, రక్షణకు మాత్రం దాని చోటే వదిలేశారు. సగం ఉడికిన బియ్యం మెత్తటి పిండైపోయింది. పారేసి మళ్ళీ కడిగి పెట్టాను. కుక్కర్ వేసి మీటరు చూస్తే రెండు వందల ఇరవై. బండ దగ్గర చుక్క నీళ్ళు పోయకుండానే. ఇరవై నిమిషాల్లో అన్నం అయింది. అవ్వ పక్కింటి నుంచి వచ్చిన ఊరుబిండితోనే, ఈసారి తిప్పి పంపకుండా, రెండుసార్లు పెట్టించుకొని తింది.

శుక్రవారం అనంతపురంలో డాక్టరు లైటు వేసి చాలాసేపు చూశాడు. నేను గోళ్ళు కొరుకుతూ నిలబడ్డాను.

"ఎర్రగా ఉంది. పొగ తగిలిందా?"

అవ్వ నా వైపు ఒక్క చూపు చూసింది.

"పొగ ల్యా, ఏమీ ల్యా. ఈ పిల్ల అరుపులకే ఎర్రబడినాది సార్."

డాక్టరు నవ్వాడు. చీమైతే లేదు, ఇంకో వారం మందు ఎక్కువ వెయ్యండి, కన్ను నిలబడుతుంది అన్నాడు. నేను నోరు తెరవలేదు. తెరిస్తే పొగతో పాటు ఆ పైపు సంగతి కూడా చెప్పాల్సి వచ్చేది.

ఇంటికొచ్చాక కుక్కర్లో సంగటికి నీళ్ళు పెట్టి చూస్తే అవ్వ వసారాలో లేదు. పెరట్లో ఉంది. ఎవరు పోశారో గానీ బండ తడిసి ఉంది. దాని మీద ఉత్తకాళ్ళతో, నల్ల కళ్ళద్దాలతో, చేతులు నడుం మీద పెట్టుకొని నిలబడి ఉంది. ఈసారి అరవలేదు. అరవడానికేమీ లేదు అక్కడ. చేతిలో గరిటెతో గుమ్మంలో నిలబడి చూశాను.

చాలాసేపు అలా నిలబడింది. ఒక కాలు ఎత్తి దించింది. రెండోది ఎత్తి దించింది.

"ఏమైనా ఉందా అవ్వా?"

"యాడుండాది" అంది, నా వైపు తిరగకుండానే. "ఉత్త నీళ్ళే. ఉన్న ఒక్క మందూ పీకేయించినావు."